6 క్వార్ట్‌ల స్లో కుక్కర్ రివ్యూ: టమాటా పాస్తా కోసం కొనొచ్చా?

కొనొచ్చు. పప్పు కోసమైతే వద్దు, బిర్యానీ కోసమైతే అస్సలు వద్దు, కానీ ఇంట్లో పిల్లలుండి వారం తిరిగేసరికి పాస్తా పాస్తా అనే ఇల్లయితే, ఆఫీసు నుంచి వచ్చాక స్టవ్ దగ్గర గంటసేపు నిలబడే ఓపిక లేని ఇల్లయితే, ఒక మామూలు స్లో కుక్కర్‌కి పెట్టిన డబ్బులు గిట్టుబాటు అవుతాయి. మేముండేది మిచిగన్‌లో, నవంబర్ వచ్చిందంటే ఐదున్నరకల్లా చీకటి, బయట చలి, తలుపు తీసి లోపలికి రాగానే ఇల్లంతా వెల్లుల్లి, టమాటా ఉడికిన వాసన వస్తుంటే సగం అలసట అక్కడే పోతుంది. ఆ ఒక్క వంట కోసమైనా ఈ వస్తువు మా కౌంటర్ మీద శాశ్వతంగా ఉండిపోయింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు. 6, 7 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే దాదాపు ఒక లీటరు) సైజులో నాబ్ తిప్పే మాన్యువల్ మోడల్స్ అన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, బయట ఒక మెటల్ పెట్టె, దాని గోడల చుట్టూ హీటింగ్ కాయిల్, లోపల బరువైన సిరామిక్ గిన్నె, పైన గాజు మూత, అంతే. 30 నుంచి 50 డాలర్ల లోపు దొరుకుతాయి, సేల్‌లో ఇంకా తక్కువకే. నాబ్ మీద లో, హై, వార్మ్ అని మూడే ఉంటాయి. చాలామంది లో అంటే తక్కువ వేడి, హై అంటే ఎక్కువ వేడి అనుకుంటారు గానీ చాలా మోడల్స్‌లో రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే చోటికి, మరుగుకి కాస్త కింద, సుమారు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి, తేడా అంతా అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందన్నదే. హైలో మూడు నాలుగు గంటల్లో అయ్యేది లోలో ఏడెనిమిది గంటలు పడుతుంది. ఇది ఒకసారి అర్థమైతే మిగతా వంటంతా సులువు.

మా నాన్నమ్మ వాళ్ళింట్లో దాలి ఉండేది, పిడకల నిప్పు మీద పాలకుండ పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి అరచేతి మందాన మీగడ కట్టేది, ఎవరూ దగ్గర కూర్చుని చూసేవాళ్ళు కాదు, పొంగిపోయేది కూడా కాదు. స్లో కుక్కర్ చేసే పని అదే, నిప్పు బదులు కరెంటు. దీని పుట్టుక కూడా అలాంటి చోటినుంచే వచ్చింది. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1936లో దీనికి పేటెంట్ అప్లై చేశారు, 1940లో వచ్చింది. వాళ్ళమ్మ చిన్నప్పుడు లిథువేనియాలో యూదుల ఇళ్ళవాళ్ళు శుక్రవారం సాయంత్రం చోలెంట్ అనే కూర కుండల్ని బేకరీకి తీసుకెళ్ళేవాళ్ళట, పొయ్యి ఆర్పేశాక దాంట్లో మిగిలిన వేడికే రాత్రంతా ఉడికి శనివారానికి రెడీ అయ్యేది, ఎందుకంటే సబ్బాత్ రోజున, అంటే వాళ్ళ వారాంతపు విశ్రాంతి దినాన, వాళ్ళు నిప్పు వెలిగించరు. ఆ కథ విని ఆయన ఈ మెషీన్ చేశారు. తర్వాత 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసి 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది, ఆడవాళ్ళు ఎక్కువగా ఉద్యోగాలకి వెళ్తున్న రోజులు కాబట్టి అమెరికాలో బాగా అమ్ముడుపోయింది. మొదట్లో గిన్నె బయటికి వచ్చేది కాదు, 1974 నుంచి విడిగా తీసి కడుక్కునేలా చేశారు. ఆ మార్పు తెచ్చినవాళ్ళకి దండం పెట్టాలి.

సరే, పాస్తా దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే: ఈ మెషీన్ టమాటా కోసం, పాస్తా కోసం కాదు. పొద్దున్నే అన్నీ కలిపి పడేసి సాయంత్రం తినేయొచ్చు అని వీడియోల్లో చూపిస్తారు, నమ్మకండి. పాస్తా పది పన్నెండు నిమిషాల్లో ఉడికే పదార్థం, దాన్ని ఆరేడు గంటలు తడిలో ఉంచితే పిండి మొత్తం విడిపోయి ముద్దయిపోతుంది, స్పూన్‌తో తీస్తే జావలా జారుతుంది. టమాటాకి మాత్రం ఎంత సేపుంటే అంత మంచిది. అందుకే పొద్దున సాస్ పెట్టాలి, పాస్తా తినే ముందు అరగంటకే వెయ్యాలి.

సాస్‌కి నేను వాడేది 28 ఔన్సుల టిన్నులు రెండు, ఒక్కోటి సుమారు 800 గ్రాములు, హోల్ పీల్డ్ టమాటాలు. డైస్డ్ అని ముక్కలుగా కోసినవి ఉంటాయి చూడండి, అవి వద్దు, ముక్క చెదిరిపోకుండా ఉండటానికి వాటిల్లో సాధారణంగా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, దాంతో ఎన్ని గంటలు ఉడికించినా ముక్క ముక్కలాగే ఉంటుంది, సాస్ చిక్కబడదు. హోల్ పీల్డ్‌లో కూడా కొన్ని బ్రాండ్లు కలుపుతాయి, లేబుల్ చదివి టమాటా, టమాటా రసం, ఉప్పు, మహా అయితే సిట్రిక్ యాసిడ్ తప్ప ఇంకేం లేనిది తీసుకోండి. ఇటలీలో నేపుల్స్ దగ్గర పండే సాన్ మార్జానో టమాటాలు గొప్పవే, తీపీ పులుపూ సరిగ్గా ఉంటాయి, గింజలు తక్కువ, కానీ ఆరు గంటలు ఉడికే సాస్‌లో ఆ తేడా చాలావరకు కలిసిపోతుంది, పైగా డీఓపీ ముద్ర (ఆ ప్రాంతంలోనే పండాయని చెప్పే గుర్తు) ఉన్న అసలువి ఖరీదు ఎక్కువ. అమెరికాలో ప్రాసెసింగ్‌కి వెళ్ళే టమాటాల్లో 90 శాతానికి పైగా కాలిఫోర్నియావే, ఆ మామూలు టిన్నులే ఈ వంటకి చక్కగా సరిపోతాయి, డబ్బులు ఆదా చేసి ఆ మిగిలినవి మంచి చీజ్ మీద పెట్టండి.

ఆగస్టు, సెప్టెంబర్‌లో బ్యాక్‌యార్డ్ టమాటాలు తెగ కాస్తాయి కదా, అప్పుడు పచ్చడి పెట్టగా మిగిలినవి ఇందులో వెయ్యొచ్చు. రోమా రకం అయితే బెస్ట్, కండ ఎక్కువ నీళ్ళు తక్కువ. రెండు టిన్నులకి బదులు సుమారు రెండు కిలోలు పడతాయి. వేడి నీళ్ళలో నిమిషం ముంచి తొక్క తీసెయ్యాలి, లేకపోతే తొక్కలు చుట్టలు చుట్టుకుని పుల్లల్లా పంటికి తగులుతాయి. తాజా టమాటాలతో చేస్తే సాస్ పల్చగా వస్తుంది, చివరి గంట మూత కాస్త ఓరగా పెడితే సరి.

ఉల్లిపాయ గురించి ఒక మాట. స్లో కుక్కర్‌లో ఏదీ వేగదు, నీళ్ళున్నంతసేపు వేడి వందకి దాటదు కాబట్టి రంగు రాదు, వేపుడు రుచి రాదు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు నేరుగా టమాటాలో వేస్తే ఆ పులుపుకి అవి మెత్తబడవు కూడా, గంటలు గడిచినా పచ్చివాసన వస్తూనే ఉంటుంది. మనకి ఆ వాసన అస్సలు పడదు. అందుకని పొద్దున పది నిమిషాలు కేటాయించండి, మూకుట్లో నాలుగు స్పూన్ల ఆలివ్ ఆయిల్ పోసి పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగి వేసి కాస్త రంగు మారేదాకా వేయించి, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, రెండు స్పూన్ల టమాటా పేస్ట్ కూడా అందులోనే వేసి నూనె తేలేదాకా తిప్పి, ఆ మొత్తాన్ని కుక్కర్ గిన్నెలోకి వంచెయ్యండి. ఈ పది నిమిషాల పని చేసినదానికీ చెయ్యనిదానికీ రుచిలో చాలా తేడా ఉంది. అస్సలు స్టవ్ ముట్టుకోను అనేవాళ్ళు ఉల్లిపాయ, నూనె మాత్రమే కుక్కర్‌లో వేసి హైలో గంట, గంటన్నర పెట్టి తర్వాత టమాటా వేసుకోవచ్చు, అదీ పర్వాలేదు.

టమాటాలు చేత్తో నలిపి వెయ్యండి, మిక్సీ వద్దు. ఉప్పు ఒక స్పూన్, ఎండు ఒరెగానో ఒక స్పూన్, మిరియాల పొడి, రెండు ఎండుమిర్చి తుంపి, ఒక చిన్న క్యారెట్ తురిమి వేస్తే పులుపు సర్దుకుంటుంది, పంచదార అక్కర్లేదు. నీళ్ళు పొయ్యకండి. ఇది ముఖ్యం, ఎందుకంటే స్టవ్ మీద లాగా ఇందులో నీళ్ళు ఇగరవు, మూతకి పట్టిన ఆవిరి మళ్ళీ లోపలికే కారుతుంది, మీరు పోసిన ప్రతి చుక్కా సాయంత్రానికి అలాగే ఉంటుంది. లోలో ఆరేడు గంటలు. మధ్యలో మూత తీసి చూడాలనిపిస్తుంది, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, కాబట్టి అటు వెళ్ళకండి.

సాయంత్రం మూత తీస్తే నూనె అంచులకి తేలి, టమాటా ఎరుపు నుంచి కొంచెం ఇటుక రంగుకి తిరిగి ఉంటుంది. గరిటెతో నొక్కితే మిగిలిన ముక్కలు కూడా విడిపోతాయి. ఇక్కడ నేను సగం సాస్ తీసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టేస్తా ఒక్కోసారి, రెండు మూడు నెలలు రుచి బాగానే ఉంటుంది, ఇంకో వారం పనీర్ ముక్కలు వేస్తే కూర అయిపోతుంది, కోడిగుడ్లు కొట్టి వేసినా బ్రెడ్‌లోకి బాగుంటుంది. మొత్తం పాస్తాకే వాడేటట్టయితే నాబ్ హైకి తిప్పి, రెండు కప్పులు మరిగే నీళ్ళు పోసి (చల్ల నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది), ఇంకో అర స్పూన్ ఉప్పు వేసి, ఒక పౌండ్ ప్యాకెట్ అంటే 454 గ్రాముల పెన్నే గానీ రిగటోనీ గానీ (రెండూ పొట్టి గొట్టాల్లా ఉండే పాస్తాలే) వేసి, అన్నీ సాస్‌లో మునిగేలా నొక్కి మూత పెట్టండి. మొదటి పది నిమిషాల్లో రెండుసార్లు కలపాలి, లేకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇప్పుడు మూత తియ్యొచ్చు, భయం లేదు. 25 నుంచి 30 నిమిషాల్లో అవుతుంది, ఇరవై నిమిషాల దగ్గర ఒకటి కొరికి చూడండి, మధ్యలో చిన్న తెల్ల చుక్క ఉండగానే ఆపేస్తే గిన్నె వేడికే మిగతాది ఉడుకుతుంది.

పాస్తా దాని పిండిని సాస్‌లోకి వదులుతుంది, దాంతో సాస్ చిక్కగా, మెరుస్తూ ప్రతి ముక్కకీ పట్టుకుంటుంది. విడిగా వండి కలిపిన పాస్తాకి ఇంత పట్టు రాదు. పలుకు మాత్రం విడిగా వండిందే బాగుంటుంది, అది ఒప్పుకోవాలి, ఇటాలియన్లు పంటికి తగిలేలా తింటారు, అలా కావాలంటే పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి ఉప్పేసి విడిగా వండుకుని చివర్లో సాస్‌లో కలపండి. మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ అందరికీ కాస్త మెత్తగానే ఇష్టం, చలికాలం సాయంత్రం గిన్నెలో పెట్టుకుని స్పూన్‌తో తినే తిండి అది. ఏ రకం పాస్తా అయినా డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిందే కొనండి, ప్యాకెట్ మీద ఉంటుంది, మైదా కలిపినవి ఈ కుక్కర్‌లో నిలబడవు. స్పగెట్టీ వద్దు, కట్టలు కట్టుకుంటుంది. సన్నటి ఏంజెల్ హెయిర్ అసలే వద్దు. గ్లూటెన్ ఫ్రీ పాస్తా అయితే విడిగానే వండుకోండి.

క్రీమ్, చీజ్ అన్నీ చివర్లోనే, కుక్కర్ ఆపేశాక. టమాటా పులుపుకి పాలు విరిగిపోతాయి, హెవీ క్రీమ్ కొవ్వు ఎక్కువ కాబట్టి తట్టుకుంటుంది, అర కప్పు చాలు. శాకాహారులకి ఒక విషయం, అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ (పాలని గడ్డకట్టించే పదార్థం) వాడతారు, వాళ్ళ రూల్ ప్రకారం అదే వాడాలి. మా ఇంట్లో అందుకే వెజిటేరియన్ రెనెట్ లేదా మైక్రోబియల్ రెనెట్ అని రాసి ఉన్న చీజ్ మాత్రమే కొంటాం. మంచి రుచి ఉన్నవి చాలానే దొరుకుతున్నాయి. ఆఖర్న నేను చేసేది ఒకటుంది, చిన్న పోపు గరిటెలో ఆలివ్ ఆయిల్ కాచి సన్నగా కోసిన వెల్లుల్లి, ఎండుమిర్చి బంగారు రంగు వచ్చేదాకా వేయించి పైన వంచేస్తా. పొద్దున వేసిన వెల్లుల్లి తియ్యగా కలిసిపోయి ఉంటుంది, ఈ పోపు వెల్లుల్లి ఘాటు వేరు, రెండూ ఉంటేనే మా నాలుకకి భోజనం చేసినట్టు ఉంటుంది.

ఇక మెషీన్‌లో నచ్చనివి. బరువు. సిరామిక్ గిన్నె నిండా సాస్‌తో ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, మోచేతుల నొప్పులున్నవాళ్ళు 4 క్వార్ట్‌ల సైజు చూసుకోండి. గిన్నె ఒకవైపు కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, మా దాంట్లో వెనక వైపు, అటు అంచు దగ్గర సాస్ గట్టిపడి నల్లటి గీత కడుతుంది, రుచికేం కాదు గానీ కడగాలంటే నానబెట్టాల్సిందే. బయటి మెటల్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది, పాకే పిల్లలున్న ఇంట్లో కౌంటర్ లోపలికి నెట్టి పెట్టండి, వైర్ వేలాడకుండా చూడండి. మూత గాజుదే అయినా ఆవిరి పట్టి లోపల ఏమవుతుందో కనపడదు. వేడి గిన్నెలో చల్లటి నీళ్ళు మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు, ఠప్పున పగులుతుంది, విడిగా గిన్నె కొనాలంటే దాదాపు కొత్త కుక్కర్ ఖరీదు అవుతుంది.

మాన్యువల్ తీసుకోవాలా, టైమర్ ఉన్న డిజిటల్ తీసుకోవాలా అని అందరూ అడిగేదే. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి మాన్యువల్ చాలు, పాడయ్యే భాగాలు తక్కువ. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చేవాళ్ళయితే డిజిటల్ తీసుకోండి, ఏడు గంటలవగానే దానంతట అదే వార్మ్‌కి మారుతుంది, సాస్ వార్మ్‌లో రెండు మూడు గంటలున్నా ఏం కాదు. పాస్తా వేసింది మాత్రం వార్మ్‌లో వదిలెయ్యకండి, తినేవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే వెయ్యండి. కరెంటు ఖర్చు గురించి కంగారు అక్కర్లేదు, ఈ సైజు మెషీన్లు సుమారు 250 వాట్ల దగ్గర ఉంటాయి, ఏడు గంటలు నడిచినా రెండు యూనిట్ల లోపే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త, ఇది చాలా సీరియస్‌గా చెప్తున్నా. పాస్తాలో బీన్స్ బాగుంటాయని నానబెట్టిన రాజ్మా నేరుగా ఇందులో వేసేవాళ్ళున్నారు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం గట్టిగా మరిగితేనే పోతుంది, స్లో కుక్కర్ వేడి దానికి చాలదు, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద అరగంట బాగా మరిగించాకే వెయ్యాలి, లేదా టిన్నులో వచ్చే ఉడికించిన బీన్స్ వాడుకోవాలి. చికెన్ వేసేటప్పుడు కూడా ఫ్రీజర్ నుంచి తీసిన గడ్డ నేరుగా వెయ్యొద్దు, ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో కరిగించి వెయ్యండి, ఎందుకంటే 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది. మీరు లేనప్పుడు కరెంటు పోయి ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ వంట పారెయ్యండి, చూడ్డానికి బాగున్నా సరే.

పప్పుకి ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి, కందిపప్పు ప్రెషర్ కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్‌కి అయ్యేది ఇందులో సగం రోజు తీసుకుంటుంది, చింతపండో టమాటానో ముందే వేశామంటే ఆ పులుపుకి అసలు ఉడకనే ఉడకదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అమ్మావాళ్ళకి ఇక్కడినుంచి కొని తీసుకెళ్దాం అనుకునేవాళ్ళకి, ఇక్కడి మోడల్స్ 120 వోల్టులవి, అక్కడి 230 వోల్టుల ప్లగ్‌కి పెడితే కాలిపోతుంది, ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ పెట్టినా వోల్టేజ్ మారదు. ఆ బరువు సూట్‌కేసులో మోసే బదులు అక్కడే ఆన్‌లైన్‌లో 230 వోల్టులది చూసి ఆర్డర్ పెట్టండి, ఇద్దరికే అయితే 3 క్వార్ట్‌లు, అంటే సుమారు 3 లీటర్ల సైజు సరిపోతుంది, నేను చెప్పిన కొలతలు సరిగ్గా సగం చేసుకోండి, టైమ్ కూడా ఓ గంట తగ్గుతుంది.